డ్రిల్లు టీచరమ్మ ఈల

డ్రిల్లు టీచరమ్మ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది కానీ ఈల మాత్రం మెడలోనే ఉండిపోయింది. రిటైరైన రోజున బళ్ళో వాళ్ళు గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి పంపిస్తే, గడియారాన్ని గోడకి తగిలించి ఈలని మెడకి తగిలించుకుంది. కూరలకి వెళ్ళినా అదే, కునుకు తీసినా అదే. "అది తీసి పక్కన పెడితే నీ మెడ ఊడిపోతుందా?" అని భర్త అడిగితే, "మీ గరిటె మీరు పక్కన పెట్టండి, అప్పుడు చూద్దాం" అనేది.

ఆయనా తక్కువ తిన్నవాడు కాదు. బస్సు డిపోలో కాంటీను నడిపి నడిపి, ఇప్పుడు ఇంట్లో ఇద్దరికి టీ పెట్టాలన్నా బస్సుకి సరిపడా నీళ్ళు పోసేవాడు. డిపోలో కండక్టరు ఈల వినబడితే చాలు, గ్లాసుల్లో టీ పడాల్సిందే. బస్సు ఆగదు కదా మరి! ముప్ఫై ఏళ్ళు అలా బతికిన చెయ్యి ఊరికే ఉండమంటే ఉంటుందా? అందుకని వాళ్ళింటికి ఏ వేళప్పుడు ఎవరు వెళ్ళినా టీ ఉండేది. బిల్డింగులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనేవారు. ఆవిణ్ణి మాత్రం పిన్ని అనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఆ ఊరి కింద భూమి కుదురుగా ఉండే రకం కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఒళ్ళు విరుచుకునేది. అల్మారాలో గిన్నెలు గలగలమనేవి, ఫ్యాను ఊగేది. జనం "ఆఁ, వచ్చింది" అనుకుని, ఆ వెంటనే "ఆఁ, పోయింది" అనుకుని, చేతిలో ముద్ద నోట్లో పెట్టుకునేవారు. ఒక ఏడు పక్క ఊళ్ళో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. పెద్ద బిల్డింగు ఒకటి నిలబడ్డచోటే కూలబడింది. పోయినవాళ్ళలో చాలామంది మెట్ల మీద దొరికారట, ఇంకా ఊగుతుండగానే పరిగెత్తి, ఒకరి మీద ఒకరు పడి.

ఆ వార్త పేపర్లో చదివిన రోజు టీచరమ్మకి తిండి సయించలేదు. జీవితమంతా పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషి. వరస తప్పితే కొంపలు మునుగుతాయని బళ్ళో రోజూ అరిచేది, ఎవరూ వినేవారు కాదు. ఇన్నాళ్ళకి తన మాట నిజమైందని ఆవిడ సంతోషించలేదు. ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా రెండో అంతస్తులో ఉన్న టైలరు దగ్గరికి వెళ్ళింది. బిల్డింగు సెక్రటరీ ఆయనే. ఆ పదవి ఎవరూ వద్దంటే ఆయనకి అంటగట్టారు.

"మన బిల్డింగువాళ్ళందరికీ నేర్పాలండీ. భూమి ఊగుతున్నంతసేపూ బల్ల కింద దూరి బల్ల కాలు పట్టుకోవాలి. ఊపు ఆగాక గ్యాసు కట్టేసి, లిఫ్టు జోలికి పోకుండా మెట్ల మీద వరసగా దిగి, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి రావాలి. ఒకసారి వచ్చాక మళ్ళీ ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. బంగారం మర్చిపోయినా సరే, బామ్మని మర్చిపోయినా సరే!"

"బామ్మని ఎలా మర్చిపోతామండీ?" అన్నాడు టైలరు నోట్లో గుండుసూదులతోనే.

"అందుకే నేర్పాలంటున్నాను."

నెలనెలా మొదటి ఆదివారం పొద్దున్నే డ్రిల్లు అని గేటు దగ్గర అట్ట కట్టారు. మొదటి ఆదివారం టీచరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఖాళీ స్థలంలో నిలబడింది. పొట్టి ఈలలు వేసింది, అంటే బల్లల కిందకి అని. కాసేపాగి పొడుగు ఈల వేసింది, అంటే కిందకి అని. వచ్చినవాళ్ళు టైలరూ, ఆయన భార్యా, ఎవరిదో తెలియని కుక్కా. మూడో అంతస్తు నుంచి కిటికీ పిన్ని తొంగిచూసింది. ఆ వీధిలో పిల్లి దాటినా ఆవిడకి తెలియకుండా దాటదు గనక ఆ పేరొచ్చింది. "నాకు ఇక్కణ్ణించి బాగానే కనబడుతోందమ్మా, మీరు కానివ్వండి" అంది. నాలుగో అంతస్తులో ఉండే ఆడిటరుగారు తలుపు కాస్త తెరిచి, "భూకంపం వచ్చినప్పుడు కబురు పంపండి, తప్పకుండా వస్తాను" అని మళ్ళీ వేసేసుకున్నారు.

టీచరమ్మ ముఖం చూసి బాబాయికి జాలేసింది. ఇంట్లోకి వెళ్ళి, అల్లం దంచి, పెద్ద గిన్నెతో టీ కాచి కిందకి మోసుకొచ్చాడు. ఆ వాసన మెట్లెక్కి ఒక్కో తలుపూ తట్టింది. కిటికీ పిన్ని కిటికీ వదిలి దిగొచ్చింది. ఆడిటరుగారు అటుగా షికారుకి వచ్చినట్టు వచ్చారు.

"చూశావా?" అన్నాడు బాబాయి. "మనిషిని బయటికి రప్పించాలంటే భయం ఒక్కటే చాలదే. కాస్త టీ కూడా ఉండాలి."

ఆ పై నెల నుంచి అదే పద్ధతి. బిల్డింగు ముందు భాగంలో వాచ్‌మన్ లేని వాచ్‌మన్ గది ఒకటుంది. బాబాయి తన కాంటీను నాటి పంపు స్టవ్వు అందులో పెట్టుకున్నాడు. టీచరమ్మ పొడుగు ఈల వేస్తే పైవాళ్ళందరూ బయటికి, బాబాయి లోపలికి. అంతస్తులవారీగా హాజరు పూర్తయ్యేసరికి టీ పొంగాలి. ఆలస్యమైతే ఆవిడ ఇంకోసారి ఈల వేసేది. ఎంత గట్టిగా వేస్తే ఆయన అంత తొందరపడేవాడు. హాజరులో ఆయన ఉండేవాడు కాదు. టీ ఇచ్చేవాణ్ణి ఎవరు లెక్కపెడతారు చెప్పండి!

చెప్పకూడదు కానీ, భూకంపం సంగతి ఎలా ఉన్నా ఆ టీ వల్ల బిల్డింగు బాగుపడింది. అంతవరకూ ఎవరికి వారే యమునా తీరే. ఒక గోడకి అటూ ఇటూ బతుకుతూ ముఖాలు తెలియనివాళ్ళు, "పొద్దున్నే దగ్గేది మీరేనా?" అని పలకరించుకున్నారు. నీళ్ళ పంపు దగ్గర మొదలై మాటలు మానేసుకున్న రెండు కుటుంబాలు ఒకే బిస్కెట్ పొట్లంలో చేతులు పెట్టాయి. ఆడిటరుగారు టీ గురించి ఇంత మాట్లాడగలరని అప్పుడే తెలిసింది. గ్లాసులు సరిపోవడం లేదని బాబాయి అంటే, ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకోవడం అలవాటైంది. కప్పుని తలుపు పక్క మేకుకి తగిలించి ఉంచుకునేవారు. బల్ల కింద నుంచి లేవడం, గ్యాసు కట్టడం, కప్పు అందుకోవడం, దిగడం. టీచరమ్మకి కప్పుల వ్యవహారం నచ్చలేదు. కానీ వరస తప్పడం లేదు కదా అని ఊరుకుంది.

ఒకసారి ఎందుకో ఆవిడకి మనసు పీకింది. అందరి ముందూ ఆయన్ని అడిగింది. "ఒక్క నెల మీరూ వాళ్ళతో పాటు బయట నిలబడరాదూ? మీకూ తెలియాలి కదండీ."

"నేను బయట నిలబడితే టీ ఎవరు పెడతారే?" అన్నాడాయన.

"అదే కదా!" అన్నారు ఆడిటరుగారు కంగారుగా. అందరూ పకపకా నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అది వచ్చిన రోజు ఆదివారం కాదు, మొదటి వారమూ కాదు. ఏదో సెలవు రోజు, అంతా ఇళ్ళలోనే ఉన్నారు. ఉరుము లేని పిడుగులా వచ్చింది. టీచరమ్మ కూరల సంచీతో వీధి మలుపు తిరిగింది. కాళ్ళ కింద రోడ్డు పక్కకి జరిగినట్టయింది. ముందు కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుంది. కరెంటు తీగలు తాళ్ళాటలో తాళ్ళలా ఊగడం చూసి, కాదు, తిరుగుతోంది ఊరని తెలుసుకుంది. రోడ్డు మధ్యలో, తీగలకి దూరంగా, సంచీతో సహా చతికిలబడింది. వంకాయలు దొర్లిపోయాయి. ఎక్కడో గాజు పగిలింది. భూమి లోపలి నుంచి లారీ పోతున్నట్టు ఒకటే రొద. బిల్డింగు పైన ట్యాంకులో నీళ్ళు ఒలికి గోడ మీదుగా కారుతున్నాయి. ఆ గోడ మీద ఏటవాలుగా ఒక పగులు పాకడం కళ్ళారా చూసింది.

ఊపు ఆగింది. ఆవిడ లేచి, అక్కణ్ణించే ఊపిరంతా కూడదీసి పొడుగు ఈల వేసి, మెట్ల గుమ్మం మీదే కళ్ళు పెట్టుకుని బిల్డింగు ఎదురుగా ఖాళీ స్థలానికి పరిగెత్తింది.

ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. తోపులాట లేదు, కేకలు లేవు. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, పెద్దవాళ్ళ రెక్క పట్టుకుని, అంతస్తు తర్వాత అంతస్తు దిగి వచ్చారు. అందరి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి! కిటికీ పిన్ని కళ్ళజోడు మర్చిపోయింది కానీ కప్పు మర్చిపోలేదు. టైలరు మెడలో టేపు, చేతిలో కప్పు. ఆడిటరుగారు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో, సాసరుతో సహా దిగారు.

టీచరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళు తిట్టి, బతిమాలి, నేర్పినందుకు ఒక్క మనిషికి గీత పడలేదు. అంతస్తులవారీగా పిలిచింది. మొదటి అంతస్తు, ఉన్నాం. రెండు, ఉన్నాం. మూడు, ఉన్నాం. నాలుగు, "ఉన్నానండీ" అన్నారు ఆడిటరుగారు బుద్ధిగా. లెక్క సరిపోయింది. ఆవిడ ఛాతీ కాస్త పొంగింది కూడా.

"అయితే" అన్నారు ఆడిటరుగారు సాసరు మీద కప్పు సర్దుకుంటూ, "బాబాయి టీ ఇంకా రాలేదేం?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. టీచరమ్మ చుట్టూ చూసింది. తను బయల్దేరేటప్పుడు ఆయన ఈ ఖాళీ స్థలంలోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. కుర్చీ ఉంది. పేపరు నేల మీద ఉంది.

"ఆయన ఇక్కడే ఉన్నాడమ్మా" అంది కిటికీ పిన్ని మెల్లిగా. "ఊగుతున్నంతసేపూ ఇక్కడే కూర్చుని ఉన్నాడు, నేను బల్ల కింద నుంచే కిటికీలోంచి చూశాను. నువ్వు ఈల వేశావు, లేచి లోపలికి వెళ్ళాడు."

అప్పుడు వినబడింది, వాచ్‌మన్ గదిలో నుంచి పంపు స్టవ్వు బుసకొట్టడం.

టీచరమ్మ అటు తిరిగింది. ఆ గది గుమ్మానికి సరిగ్గా పైన, మొదటి అంతస్తు వసారా పిట్టగోడ ముందుకి ఒరిగి ఉంది. దాన్ని పట్టుకున్నవి లోపలి ఇనుప చువ్వలు మాత్రమే. ఆవిడకి ఏం తోస్తుంది? చేతిలో ఉన్నది ఈల. పిచ్చిదానిలా వేసింది. స్టవ్వు రొద ఇంకా పెరిగింది. లోపల ఆయన గబగబా పంపు కొడుతున్నాడు. గట్టిగా వేస్తే తొందరపడమని అర్థం మరి. ఆవిడే నేర్పింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆవిడ రచ్చ గెలిచింది.

ఈల వదిలేసి బిల్డింగు వైపు దూకింది. ఎవరో రెక్క పట్టుకుని ఆపారు. చూస్తే ఆడిటరుగారు. కప్పూ సాసరూ కింద పడి ముక్కలయ్యాయి.

"వదలండి!"

"వదలనండీ. ఒకసారి బయటికొచ్చాక ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు. మీరే అన్నారు."

"ఆయన లోపల ఉన్నారండీ!"

"మీరు వెళ్తే ఇద్దరు ఉంటారు" అన్నారాయన. ఆ మాటంటూనే బిల్డింగు వైపు తిరిగి, సగం సబ్బు ముఖంతో, గొంతు చించుకుని అరిచారు. "బాబాయ్! టీ వద్దు!"

ఆ బిల్డింగు చరిత్రలో ఆ మాట ఎవరూ అని ఉండలేదు, ఆడిటరుగారు అసలే అని ఉండరు. టైలరు అందుకున్నాడు. "బాబాయ్, టీ వద్దు!" కిటికీ పిన్ని అందుకుంది, పిల్లలందుకున్నారు, పంపు దగ్గర కొట్లాడుకున్న రెండు కుటుంబాలూ అందుకున్నాయి. ఖాళీ స్థలమంతా ఒకటే గోల. "టీ వద్దు! టీ వద్దు! టీ వద్దు!"

స్టవ్వు చప్పుడు తగ్గింది. చేతిలో గరిటెతో బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. ముఖం చిన్నబోయింది. "ఎవరికి వద్దూ?" అంటూ సంగతి తేల్చుకోవడానికి గుమ్మం దాటి, రోడ్డు దాటి, వాళ్ళ మధ్యకి వచ్చేశాడు. "చక్కగా మరుగుతోంది, ఇంకొక్క పొంగు..."

రెండోసారి ఊగింది. మొదటిదంత పెద్దది కాదు, అంతసేపూ లేదు. కానీ పిట్టగోడకి అది చాలు. మొత్తంగా ఊడి గుమ్మం మీద పడింది. దుమ్ము లేచి రోడ్డంతా కమ్మేసింది. అది తగ్గాక చూస్తే గుమ్మం లేదు, ఇటుకల కుప్ప ఉంది.

టీచరమ్మ మొగుడి చొక్కా గుప్పిట్లో పట్టుకుని, ఊళ్ళో వాళ్ళంతా చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, తిట్టడం మొదలుపెట్టింది. "బుద్ధుందా మీకు? ప్రాణం తీపి లేదా? హాయిగా ఆరుబయట కూర్చున్న మనిషి! భూమి తిరగబడుతుంటే కళ్ళతో చూసి కూడా, ఎవరైనా లేచి లోపలికి పోతారా?"

ఆయన ఇటుకల కుప్ప వైపు చూశాడు, చేతిలో గరిటె వైపు చూశాడు.

"నాకేం తెలుసే? చాలా భయమేసింది" అన్నాడు. "కుర్చీలోంచి లేవడానికి కాళ్ళు రాలేదు. అంతలో నీ ఈల వినబడింది. హమ్మయ్య, నువ్వున్నావు, ఇంక ఫరవాలేదు అనుకున్నాను. నువ్వు ఈల వేశావనే కదా వెళ్ళాను."

అంతవరకూ రాని కన్నీళ్ళు టీచరమ్మకి అప్పుడు వచ్చాయి. పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అంత కంచు గొంతు మనిషి ఏడిస్తే ఇంత సన్నగా ఉంటుందని బిల్డింగులో ఎవరూ అనుకోలేదు.

ఊళ్ళో చాలా పోయింది. రెండు వీధుల అవతల పాత ఇళ్ళు కూలి, మనుషుల్ని రోజంతా తవ్వి తీశారు. అందరూ బతికి బయటపడలేదు. ఇంజనీర్లు వచ్చి స్తంభాలు తట్టి చూసేదాకా వీళ్ళు ఖాళీ స్థలంలోనే టార్పాలిన్ల కింద గడిపారు. మొదటి రెండు రోజులు ఒకే కుటుంబంలా ఉన్నారు. మూడో రోజు బట్టలారేసే తాడు దగ్గర గొడవ వచ్చింది. అప్పుడు టీచరమ్మకి కాస్త నిమ్మళించింది, మనుషులు మామూలుగానే ఉన్నారని. ఇంతకుముందు ఈ డ్రిల్లు చూసి నవ్విన పక్క బిల్డింగులవాళ్ళు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మాకూ నేర్పమని ఆవిడ చుట్టూ తిరిగారు. ఆవిడ అందరికీ సరేనంది. ఒక్కటే షరతు పెట్టింది. ఎవరు వంట చేస్తారో, ఎవరు గేటు కాస్తారో, ముందు వాళ్ళ పేర్లు చెప్పండి, లెక్క వాళ్ళతో మొదలుపెడతాను అంది.

ఇళ్ళలోకి తిరిగి చేరాక డ్రిల్లు ఆదివారం వచ్చింది. టీ ఈసారి ఫ్లాస్కుల్లో ముందే కిందకి చేరింది. దాంతో ఈల వెయ్యకముందే సగం మంది దిగి కూర్చున్నారు, కుక్కతోక వంకర పోతుందా? టీచరమ్మ అరవలేదు. బాబాయిని ఖాళీ స్థలం మధ్యకి తీసుకొచ్చి, ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏంటి టీచరమ్మా, కొత్త పెళ్ళికూతురిలా చెయ్యి పట్టుకున్నావు?" అంది కిటికీ పిన్ని. అందరూ నవ్వారు.

"నవ్వుకోండి" అంది ఆవిడ. కుడి చేత్తో ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా వేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. బాబాయి కిటికీ పిన్నికి ఏదో ఎదురు జోకు చెబుతున్నాడు. చెబుతూ చెబుతూనే, ఆయనకే తెలియకుండా, ఆయన కాళ్ళు వాచ్‌మన్ గది వైపు ఒక అడుగు వేశాయి. టీచరమ్మ పట్టు బిగించింది, వదల్లేదు.